యానాం ముక్కలు

రాఘవమ్మ మా ఇంట్లో దిగిన రోజున నేను అడవి తెర ముందు కుంచె పట్టుకుని ఊరికే కూర్చుని ఉన్నాను. పొద్దున కలిపిన ఆకుపచ్చ చిప్పలోనే ఎండిపోయి పగుళ్ళు తీసింది.

మాది వాకాడు. మా ఆయన హజరత్తయ్య నాటకాలకు తెరలు రాసేవాడు. కోతలైపోయి ధాన్యం ఇళ్ళకు చేరాక, మళ్ళీ దుక్కులు మొదలయ్యేదాకా మా పక్క ఊళ్ళన్నిటా నాటకాలే. ఆ ఎండాకాలం పనే మాకు ఏడాది తిండి. దర్బారు తెరలో స్తంభాలు, మెట్లు, సింహాసనం ఆయన వేసేవాడు. అడవిలో చెట్లు, ఉద్యానవనంలో పూలు నావి. తెర కింద పేరు ఆయనదే ఉండేది గాని, ఆ సంగతి దాచేవాడు కాదు. నా గీతలో బిగువుండాది, మా ఆమినాబీ ఆకులో గాలుండాది అని వచ్చినవాళ్ళందరితోనూ అనేవాడు.

ఆ ఏడు, అంటే అరవై ఒకటిలో, నా ఆకులో గాలి పోయింది. అంతకుముందు చలికాలంలో మాకు తొలి బిడ్డ పుట్టి, పేరన్నా పెట్టకముందే జ్వరమొచ్చి పోయింది. దాని తరవాత ఏ చెట్టు వేసినా చీపురుకట్టను తలకిందులుగా నిలబెట్టినట్టు వచ్చేది. మా ఆయన ఒక్క మాట అనేవాడు కాదు. నేను వంటింట్లోకి పోయినప్పుడు నా చెట్ల మీద తన కుంచె తిప్పి సర్దేవాడు. నేను తిరిగొచ్చి, చూసి, చూడనట్టే ఉండేదాన్ని.

రాఘవమ్మను పిలిపించింది జయకుమార్. బియ్యం మిల్లు యజమాని కొడుకు. మద్రాసులో చదివొచ్చి సొంతంగా ఒక నాటకం రాసుకున్నాడు. రాజు వేటకు పోతాడు, కోటలో రాణి ఒంటరిగా ఉంటుంది, ఆ కథ. రాణి వేషానికి ఊళ్ళో ఎవరూ పనికిరారని, గూడూరులో విడిపోయిన ఒక నాటక సమాజంలో నుంచి ఆమెను తెచ్చాడు. తెరలు మేమే రాస్తున్నాం కాబట్టి మా వీధిగది ఆమెకిమ్మన్నాడు. నాటకాల మనిషిని ఇంట్లో పెట్టుకోవడమేందని మా అత్త గొణిగింది గాని, రాఘవమ్మ వస్తూనే ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టేసరికి మెత్తబడింది.

నలభై అయిదు దాటిన మనిషి. ఏళ్ళ తరబడి రంగు పూసి పూసి ముఖం పాత గోడలా పాలిపోయింది. పుట్టింది యానాంలోనట. మాట మాత్రం అమృతం. చెంబెడు నీళ్ళడిగినా పాట పాడినట్టుండేది. రెండో రోజు నేను చేప కడుగుతూ కూర్చుంటే పక్కన చతికిలబడి, తన సంగతి చెప్పుకొచ్చింది. ఇప్పుడామెకు నాయిక వేషాలు ఇవ్వడం లేదు. ఇచ్చినా, పద్యం ఎత్తుకుంటే జనం బీడీలు ముట్టించుకుంటున్నారు. గొంతు అదే, రాగం అదే, లోపలే ఏదో ఎండిపోయిందంది. నాకు నా చిప్పలో రంగు గుర్తొచ్చింది. నా సంగతీ ఆమెకు చెప్పాను, చెట్ల సంగతి వరకే.

మర్నాడు తన ట్రంకుపెట్టెలో నుంచి ఒక గుడ్డమూట తీసింది. అందులో పేక ముక్కలు. మామూలువాటికన్నా పొడుగు, అంచులన్నీ నలిగి ఉన్నాయి. యానాంలో ఫ్రెంచి దొర ఇంట్లో పనిచేసిన వాళ్ళమ్మకు, దొరసాని దేశం పోతూ ఇచ్చిపోయిందట. వాటిని తారో అంటారంది. ముక్క ముక్కకూ ఒక బొమ్మ. భుజాన మూట వేసుకుని పోయేవాడు, వెనక కుక్క. ఒంటికాలికి తాడు కట్టి తలకిందులుగా వేలాడేవాడు. పిడుగు పడి కప్పు ఎగిరిపోయిన మేడ. చందమామ కింద మొరిగే రెండు కుక్కలు, వాటి ముందు నీళ్ళలో రొయ్య. మా కాలవలో రొయ్యను దొరల దేశంలో ఎవరు చూసి వేశారో అనుకున్నాను. కింద ఫ్రెంచి అక్షరాలున్నాయి. అవి మాకిద్దరికీ రావు.

మా అత్త గడపలో నిలబడి, జోస్యమైతే నా ఇంట్లో వద్దంది. ముసల్మాను కొంపలో అది తగదంది.

"జోస్యం కాదు పిన్నిగారూ," అంది రాఘవమ్మ. "రేపేమవుతుందని దీన్ని అడగం. పొద్దున్నే ఒక ముక్క తీసి, ఈ బొమ్మలో నేనెక్కడున్నానా అని చూసుకోవడమే. తోచింది పైకి చెప్పాలి. చెప్పాక పనిలో కూర్చోవాలి."

వాళ్ళమ్మ అలాగే చేసేదట. మనసు పూడిపోయినప్పుడు అది బావిలో పూడిక తీసినట్టు పనిచేస్తుందట. మా అత్త కాసేపు చూసి, పిచ్చి ఆటలే గదా అనుకుని మేకకు ఆకు కొయ్యడానికి పోయింది.

నేను తీసిన మొదటి ముక్కలో ఒక ఆడమనిషి మోకాలి మీద కూర్చుని రెండు కుండలతో నీళ్ళు పోస్తోంది. ఒక కుండ నీళ్ళు వాగులోకి, ఒక కుండవి నేల మీదికి. పైన చుక్కలు. ఏం తోస్తోందని అడిగింది. ఏమీ తోచలేదన్నాను. చూస్తూ ఉండమంది. తొందర పెట్టలేదు. ఆమె పక్కన కూర్చుని తన జుట్టు చిక్కు తీసుకుంటూ ఉంది.

ఎంతసేపటికో నా నోటినుంచే వచ్చింది. "నేల మీద పోస్తే ఎవురు తాగుతారక్కా?"

ఆ మాటతో తలుపు తెరుచుకుంది. బిడ్డ పోయాక నాకు పాలు ఆగలేదు. రవిక తడిసిపోయేది. ఎవరికీ చెప్పడానికి సిగ్గు. పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో కూర్చుని, చెంగు అడ్డం పెట్టుకుని పిండేసేదాన్ని. మట్టి తాగేసేది. పక్కగదిలో పడుకునే మా అత్తకు తెలియదు. మా ఆయనకు తెలియదు. అది రాఘవమ్మకు చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. కాసేపయ్యాక, లేచి కుంచె పట్టమ్మా అంది.

ఆ రోజు వేసిన చెట్టు గొప్పగా రాలేదు. కాని చీపురులా లేదు.

తరవాత రోజూ అదే మాకు పని. మా ఆయన టీ తాగి మిల్లు గోడ మీద అక్షరాలు రాయడానికి పోయేవాడు, ఎండ ముదరకముందే మేమిద్దరం వీధిగదిలో చాప వేసుకుని కూర్చునేవాళ్ళం. ఆమె కూడా ఒక ముక్క తీసేది. ఒకసారి మూట వేసుకుపోయేవాడు వస్తే, తను చిన్నవయసులో కని వదిలేసి వచ్చిన కూతురు సంగతి చెప్పింది. నేనేడ్చాను. ఎక్కువగా మాత్రం నా చేతే మాట్లాడించేది. అప్పుడేమన్నావు, ఆయనేమన్నాడు, అప్పుడు నీకెక్కడ నొప్పెట్టింది అని అడిగేది. నన్ను ఎవరూ అంతగా అడిగినవాళ్ళు లేరు. నాకది ఎంత ఆనందంగా ఉండేదో చెప్పలేను. పొద్దు ఎప్పుడు పొడుస్తుందా అని ఉండేది.

నేనూ ముక్కలు చేసుకోవడం మొదలుపెట్టాను. పాత అట్టలు కత్తిరించి, తెరలకు కలిపిన రంగులో మిగిలింది వాడి, దొరసాని బొమ్మలు కాదు, నావి వేసుకున్నాను. కాలవలో ఉప్పు పడవను గట్టు మీద నుంచి తాడుతో లాగే మనిషి. గాలికి ఒకే పక్కకు వంగిన సరుగుడు తోపు. ఎండ్రకాయ బొరియ ముందు కూర్చున్న పసిపిల్ల. ఒక్కొక్కటి అవుతుంటే నా చేతిలోకి ఏదో తిరిగి వస్తున్నట్టు తెలిసేది. అడవి తెర మీద ఆకులు కదలడం మొదలుపెట్టాయి. ఒక సాయంత్రం మా ఆయన తెర ముందు చేతులు కట్టుకుని నిలబడి, చాలాసేపు చూసి, "గాలొచ్చిందే," అన్నాడు. ఆ మాటకి నవ్వాను. ఆ నవ్వు చూసి ఆయనా నవ్వాడు. పెరట్లో మా అత్త మేకతో మాట్లాడుతున్నదల్లా ఆగి లోపలికి తొంగిచూసింది.

ఆ మర్నాడే నాకు దీపం ముసలాయన ముక్క వచ్చింది. గడ్డం పెద్దాయన ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో లాంతరు పైకెత్తి, తెలియని వీధిలో ఎవరిల్లో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు. చూడగానే ముక్క కింద పెట్టేశాను.

"పెట్టెయ్యకు. చూడు," అంది రాఘవమ్మ.

బిడ్డకు జ్వరమొచ్చినప్పుడు మా ఆయన కోవూరులో ఉన్నాడు. అక్కడొక సమాజానికి దర్బారు తెర రాస్తున్నాడు. బస్సులో పోయే మనిషితో కబురంపాం. గుడ్డకు జిగురు పట్టించి ఉంది, ఆ పూట వదిలేస్తే తెరంతా పాడవుతుందని ముగించుకుని బయల్దేరాడు. ఆయన వచ్చేసరికి బిడ్డకు మట్టి ఇవ్వడం కూడా అయిపోయింది. రంగు చేతులతో గుమ్మంలో నిలబడ్డాడు. పోనీలేండి, మీరు మాత్రం ఏం చేస్తారు అన్నాను. మా అత్తా అదే అంది. ఆయనేడ్చాడు. అంతటితో ఆ మాట ముగిసిందని ఇంట్లో అందరం అనుకున్నాం.

రాఘవమ్మకు ఆ రోజు ఇంకోటి చెప్పాను. "పోనీలేండని నోటితో అన్నాను గానీ అక్కా, గుమ్మంలో ఆయన్ని చూస్తే ఎవురో దోవ తప్పి వచ్చినట్టుండాది. లేచి కాళ్ళకి నీళ్ళిచ్చినా. అప్పుడుబట్టీ ఆయన నాకు ఇంటికొచ్చిన చుట్టమే. అన్నం పెడతుండా, పక్కేస్తుండా. చుట్టానికి చేసినట్టే."

చెప్పాక భయం వేసింది. ఎవరితోనూ అనొద్దని అడిగాను. అడగాలా తల్లీ, అంది. నా తల తన ఒళ్ళో పెట్టుకుంది. నిజానికి ఆ మాట బయటపడ్డాక నాలో కోపం సగం తగ్గింది. ఆ సాయంత్రం ఆయనకు అన్నం పెడుతుంటే చుట్టంలా అనిపించలేదు. ఇంకొన్నాళ్ళు పోతే ఆయనతోనే చెప్పగలననుకున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో కూడా మనసులో అనుకుంటూ ఉన్నాను.

తెరలు పూర్తయ్యాయి. వాటిని కట్టి చూసి, అదే పూట అందరూ వేషాలు లేకుండా నాటకం ఒకసారి చెప్పుకోవాలని జయకుమార్ మిల్లు గోదాములో ఏర్పాటు చేశాడు. మధ్యాహ్నం పూట. నేనూ పోయాను, నా అడవి పైకి లేస్తే ఎట్లుంటుందో చూడాలని. మా ఆయన నిచ్చెన ఎక్కి వాసానికి తాళ్ళు కడుతున్నాడు. హమాలీలు ఒక పక్క బస్తాలు మోస్తూనే ఉన్నారు. జయకుమార్ కుర్చీలో కూర్చుని, రెండో అంకం కానివ్వండి, తెర పని అదే జరుగుతుంది అన్నాడు.

వేటనుంచి రాజు తిరిగొచ్చే ఘట్టం. రాఘవమ్మ మామూలు చీరలోనే, నా అడవి తెర ముందుకు వచ్చి నిలబడింది. మొదట ఒక పద్యం పాడింది. ఎవరూ పట్టించుకోలేదు. తరవాత పద్యం ఆపేసి మామూలు మాటలా అందుకుంది.

బిడ్డ పోయాక పాలు ఆగలేదంది. చెట్టు మొదట్లో కూర్చుని మట్టికి పోశానంది. పోసిన పాలు ఎవరు తాగుతారంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఎవరో నన్ను పేరుపెట్టి పిలిచినట్టయి వెనక్కి చూశాను. హమాలీలు నిలబడిపోయారు. ఒకాయన వీపు మీది బస్తా దించడం కూడా మరిచి అట్లాగే వంగి వింటున్నాడు.

"రాజా," అంది రాఘవమ్మ, "గుమ్మంలో నిన్ను చూస్తే దారి తప్పి వచ్చినవాడిలా ఉన్నావు. లేచి కాళ్ళకు నీళ్ళిచ్చాను. ఆనాటినుంచీ నువ్వు నా ఇంటికొచ్చిన చుట్టానివే."

ఆఖరి మాట దగ్గర గొంతు తగ్గించింది.

నేను నిచ్చెన వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. మా ఆయన వాసం మీద ముడి వేస్తున్నవాడు ఆగాడు. ముఖం గోడవైపే ఉంది. కాసేపటికి చేతులు మళ్ళీ కదిలాయి. ఆ ముడి పూర్తి చేశాడు, లాగి చూశాడు, ఒక్కొక్క మెట్టే దిగాడు. నిచ్చెన భుజాన వేసుకుని, రెండో తెర దగ్గరికి పోయాడు.

జయకుమార్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇది నేను రాసింది కాదు, రాఘవమ్మగారు సొంతంగా కట్టిందని పక్కవాళ్ళకు చెబుతున్నాడు.

ఇంటికొచ్చాక ఆమె గదిలోకి పోయాను. ట్రంకుపెట్టె మీద కూర్చుని వక్కాకు వేసుకుంటోంది. నన్ను చూసి సర్దుకుని చోటిచ్చింది. నేను కూర్చోలేదు. ఆ మాటలు తీసెయ్యమని అడిగాను.

"నీ పేరెక్కడా రాలేదు కదే. రాణి మాటలవి."

"ఆయన నిచ్చెన మీదుండాడు అక్కా."

ఆయనకు తెలియడం తను కోరుకున్నది కాదంది. మొగుడూపెళ్ళాలకు ఎప్పటికైనా తెలియాల్సిందేనంది. తరవాత, తీసెయ్యలేనంది. బస్తా మోసేవాడు బస్తా దించకుండా నిలబడ్డాడు, చూశావా అని అడిగింది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. చెప్పొద్దూ, అంత వెలుగు ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. రోజూ పొద్దున నేను మాట్లాడుతుంటే ఆమె దేనికోసం వింటూ ఉండేదో అప్పుడు తెలిసింది. ఆమె చెప్పిన కూతురు కూడా ఏ నాటకంలో కూతురో అని మొదటిసారి అనుమానం వచ్చింది.

ఒక్కటి అడగాలనిపించింది. "నా మాట జెప్పేటప్పుడు నీకేమనిపించింది?"

అబద్ధం చెప్పలేదు. అందుకు మాత్రం ఆమెను ఇప్పటికీ తప్పుపట్టను.

"ఏమనిపిస్తుందే? చుట్టం అన్నచోట గొంతు ఎత్తాలా, దించాలా అని చూసుకుంటున్నాను. దించితేనే బాగుంది."

నాటకానికి నేను పోలేదు. తలనొప్పని పడుకున్నాను. తెరలు ఎత్తి దించాలి కాబట్టి మా ఆయన పోక తప్పలేదు. మా అత్త పొరుగు ఆడవాళ్ళతో కలిసి పోయింది. మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని ఆ రాణిని తలుచుకుని కళ్ళొత్తుకుంది. పాలు మట్టికి పోసిన చోట ఏడుపు ఆగలేదంది. "పాపం, ఏ తల్లి పడిన బాధో," అంది. నేను పొయ్యిలోకి పుల్ల ఎగదోశాను. చేదబావి దగ్గర ఆడవాళ్ళు, మొగుళ్ళు ఆలస్యంగా వస్తే, రండి చుట్టమా అని నవ్వుకోవడం మొదలుపెట్టారు. నా వెనకాల కాదు, నాతో కలిసి నవ్వాలనే అనేవాళ్ళు. వాళ్ళకేం తెలుసు. నవ్వేదాన్ని.

రాఘవమ్మకు కోవూరునుంచి, నెల్లూరునుంచి పిలుపులొచ్చాయి. పోయేముందు నా గడపలో నిలబడి, ముక్కలు తీయడం మానొద్దని, చెయ్యి మళ్ళీ బిగుసుకుపోతుందని చెప్పింది. ఆ చెప్పడంలో ప్రేమ లేదని నేననను. బస్సు దాకా సాగనంపమని మా అత్త నన్ను పంపబోయింది. నేను పోలేదు. ఆమెను మళ్ళీ చూడలేదు.

ఎప్పుడూ కుండలో నీళ్ళు తనే ముంచుకుని తాగే మా ఆయన, అరుగు మీద కూర్చుని, కాసిని నీళ్ళిస్తావా అని అడగడం మొదలుపెట్టాడు. అన్నం పెట్టి కూర వేస్తే, చాలు చాలు అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. మాట పెంచితే కోపమన్నా వస్తుందని చూశాను. రాలేదు. బుట్టలో నుంచి లుంగీ తీసుకోవడానికి కూడా నావైపు చూసి ఆగేవాడు. తెరల పని మాత్రం ఇద్దరం పక్కపక్కనే చేశాం. నా చెట్లు ఎన్నడూ లేనంత బాగా వచ్చాయి. వస్తున్నకొద్దీ నాకు ఒళ్ళు మండేది. ఆ చెయ్యి నాకు తిరిగి తెచ్చిపెట్టిన మనిషి ఎవరో, అందుకు నా దగ్గర ఏం తీసుకుపోయిందో మరిచిపోవడానికి లేకుండా ప్రతి ఆకూ కదిలేది.

రోహిణీ కార్తె చివర ఒక సాయంత్రం సముద్రం వైపు మబ్బు పట్టింది. చిట్టమూరుకు పంపాల్సిన ఉద్యానవనం తెర పెరట్లో ఆరబెట్టి, దాని పక్కనే నేను కుంచెలు కడుగుతున్నాను. మా ఆయన వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నాతో ఎందుకు జెప్పలేదు?"

ఏ సంగతని అడగలేదు నేను. "మీరు అడగలేదు," అన్నాను.

తల ఊపాడు. తప్పు ఒప్పుకున్నట్టే ఉంది ఆ ఊపడం. "ఇప్పుడు అడగతుండా. నీ నోటితో జెప్పు. వింటా."

ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. కుంచె కింద పెట్టాను. ఎట్లా మొదలుపెట్టాలో ముందే అనుకున్నాను కదా, అట్లాగే మొదలుపెట్టాను. బిడ్డ పోయినాక, అన్నాను. ఆ రెండు ముక్కలూ రాఘవమ్మ ఎత్తుకున్నట్టే వచ్చాయి. ఆగాను. గొంతు సవరించుకుని పాల దగ్గరనుంచి చెప్పబోయాను. మట్టి అన్నచోట ఆమె విరిచినట్టే నా మాట విరిగింది. ఇంకోవైపునుంచి వచ్చాను, గుమ్మం దగ్గరనుంచి, ఆయన రంగు చేతుల దగ్గరనుంచి. ఆమె గొంతు దించిన చోట నా గొంతు దానంతటదే దిగింది.

అది రాఘవమ్మ గొంతేనని ఆయనకూ తెలిసిపోయింది. నా ముఖంలోకి చూస్తున్నవాడు మెల్లగా చూపు దించుకున్నాడు. నాకున్నవి ఆ నాలుగు మాటలే. వేరే మాటలు వెతికాను. దొరకలేదు.

ఆయన ఇంకాసేపు కాచుకుని కూర్చున్నాడు. మొదటి చినుకు తెర మీద, గులాబీ పొద దగ్గర పడింది. ఇద్దరం లేచాం. చెరో పక్క రెండేసి కొసలు పట్టుకుని, దులిపి, మడతపెట్టడం మొదలుపెట్టాం. మడత మడతకూ దగ్గరికొచ్చాం. ఆఖరికి ఆయన ఊపిరి నా చేతులకు తగిలింది. నా వేళ్ళలోనుంచి కొసలు అందుకుని, తలెత్తకుండా, తెర తడవకుండా గుండెకు హత్తుకుని లోపలికి పోయాడు.